రాజమండ్రి ఏటీఆర్‌లో పక్క సీటు

శంషాబాద్ నుంచి రాజమండ్రికి నేను కావాలని ఏటీఆరే ఎక్కుతాను. చాలామంది ఇంత చిన్న విమానమా అని మొహం చిట్లిస్తారు గానీ నాకదే ఇష్టం. వెనక తలుపు దగ్గర మెట్లెక్కడం, అటు రెండు ఇటు రెండు సీట్లు. రెక్క మన నెత్తిన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి కింద పొలాలన్నీ అడ్డం లేకుండా కనపడతాయి. ప్రొపెల్లర్ తిరగడం మొదలైనప్పుడు ఆరు రెక్కల్నీ లెక్కపెట్టొచ్చు. కాసేపటికి అన్నీ కలిసిపోయి పల్చటి పొగలా మారతాయి. అది చూసిన ప్రతిసారీ నా ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న శ్రావణంలో నా పక్కన కూర్చున్న అబ్బాయిది అమలాపురం. ఎప్పుడూ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాడట. తాతగారికి ఒంట్లో బాగోలేదని కబురొస్తే మొదటిసారి విమానం ఎక్కాడు. పెద్ద జెట్ విమానాలు ఎగిరేంత ఎత్తుకి ఏటీఆర్ పోదు. వానాకాలంలో మబ్బుల మధ్య నుంచే దారి వెతుక్కోవాలి. ఖమ్మం దాటామో లేదో కుదుపులు మొదలయ్యాయి.

"ఇది మామూలేనంటారా అండీ?" అన్నాడు. గొంతు తడారిపోయింది పాపం.

"మామూలేనండీ. ఎయిర్ పాకెట్ అంటారు గానీ గాలిలో గుంతలేం ఉండవు. మబ్బుల్లో పైకి లేచే గాలీ కిందికి దిగే గాలీ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి వెళ్తున్నాం, అంతే" అన్నాను.

తలూపాడు. అంతలో విమానం ఒక్కసారిగా కిందికి జారింది. నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. వెంటనే వదిలేసి "సారీ అండీ" అన్నాడు, మొహం ఎర్రబడిపోయింది.

"ఉంచండి, పర్లేదు."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. మధురపూడి విమానాశ్రయం దగ్గరపడే దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. కింద గోదావరి ఎర్రనీళ్లతో ఒడ్లు ఒరుసుకుని పారుతోంది, లంకలు సగం మునిగి ఉన్నాయి. హేవలాక్ వంతెన చూపించాను. అతను వంతెన వైపు చూశాడు, నేను అతని వైపు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలేజీలో చదువుకున్న ప్రయోగమొకటి గుర్తొచ్చింది. డటన్, ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించారు. వాంకూవర్ దగ్గర కాపిలానో నది మీద ఊగే వంతెన దాటే మగవాళ్లని ఒకమ్మాయి ప్రశ్నలడిగి, ఫోన్ నెంబరిచ్చింది. గట్టి వంతెన మీద కలిసినవాళ్లకన్నా ఊగే వంతెన మీద కలిసినవాళ్లే ఎక్కువమంది ఆమెకి ఫోన్ చేశారు. భయంతో కొట్టుకునే గుండెని మనసు ప్రేమ అనుకుంటుందని వాళ్ల వాదన. అతని సంగతి అదే కావచ్చు. కానీ నాకు కుదుపులంటే భయం లేదే! మరి నా గుండె ఎందుకు కొట్టుకున్నట్టు?

తాతగారు కోలుకున్నాక అతనే ఫోన్ చేశాడు. రాజమండ్రి వచ్చాడు. రోజ్‌మిల్క్ తాగి, పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. కుదుపుల్లేవు, మబ్బుల్లేవు. చెప్పుకోవడానికి మాత్రం బోలెడు ఉంది. పొద్దు వాలేవేళ అడిగాడు:

"ఆ రోజు పర్లేదన్నారు కదా, నాకు ధైర్యం చెప్పడానికేనాండీ?"

"మొదట అందుకే" అన్నాను.