పెళ్లి కార్డు మీద సింహాలు, చెంబు మీద చుక్కలు

మా బాబాయి కొడుక్కి పెళ్లి కుదిరింది. కార్డులు కొట్టించాలి, హైదరాబాద్‌లో ఛత్తా బజార్ పోదాం రా అక్కా అని పిలిచాడు. ఆటోలో కూర్చోగానే ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. మధ్యలో డాలు, దానికి అటో సింహం ఇటో సింహం, పైన ఇనుప టోపీ, కింద రిబ్బన్ మీద లాటిన్‌లో ఏదో ఒక ముక్క, దాని కింద మా ఇంటిపేరు.

"మన ఫ్యామిలీ క్రెస్ట్ అక్కా. కార్డు మీద వేయిద్దామని."

ఏదో వెబ్‌సైట్‌లో ఇంటిపేరు టైప్ చేసి డబ్బు కడితే ఐదు నిమిషాల్లో వచ్చిందట. మా ఇంటిపేరు నల్గొండ వైపు ఒక చిన్న పల్లె పేరు. అక్కడ సింహాన్ని చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే సర్కస్‌లోనే చూసుంటారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన అని ఊరికే అన్నారా!

నిజానికి ఈ డాలు ముద్రలు పుట్టిన ఇంగ్లండులో కూడా ఇంటిపేరుకి ముద్ర అంటూ ఉండదు. ఫలానా మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత ఆయన సంతానానికి వస్తుంది, అంతే. అదే ఇంటిపేరున్న పక్కవీధి ఆయన వాడుకుంటానంటే కుదరదు. ఇదంతా చూడ్డానికి లండన్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని 1484 నుంచి ఒక ఆఫీసు ఉంది. మావాణ్ణి మరీ అనడానికి కూడా లేదులెండి. 1877లో ఢిల్లీ దర్బారు పెట్టినప్పుడు ఇంగ్లీషువాళ్ళే మన సంస్థానాధీశులకి ఇలాంటి డాలు బొమ్మలు గీయించి, జెండాల మీద కుట్టించి పంచారు. అంతటి రాజులకే రెడీమేడ్ ముద్రలు అంటగట్టారు, మా తమ్ముడెంత.

కానీ ఇదే హైదరాబాద్‌లో ఒక ఇంటి గుర్తు ఉంది, నాకు అదంటే భలే ఇష్టం. అసఫ్‌జాహీల, అంటే నిజాం నవాబుల, పసుపు జెండా మధ్యలో తెల్లగా గుండ్రంగా ఉండేది చంద్రుడు అనుకుంటారు చాలామంది. అది కుల్చా. అవును, పొద్దున్నే నహారీలో ముంచుకుని తినే కుల్చానే. మొదటి నిజాం ఒకసారి ఔరంగాబాద్ సూఫీ గురువు నిజాముద్దీన్ దగ్గరికి వెళ్తే ఆయన పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి తినమన్నాడని, ఆకలి మీదున్న ఈయన ఏడు తిని ఇక చాలన్నాడని, అయితే నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది పో అని గురువు దీవించాడని కథ. నిజంగా జరిగిందో లేదో పక్కన పెడితే, 1724లో మొదలై 1948లో ముగిసిన ఆ వంశంలో నిజాములు ఏడుగురే. మధ్యలో 1748 నుంచి 1762 దాకా ఇంకో ముగ్గురు గద్దెనెక్కారు గానీ వాళ్ళని లెక్కలో వెయ్యరు. వేసినా తరాలు మాత్రం ఏడు దాటవు, ఎందుకంటే వాళ్ళు మొదటాయన కొడుకులూ కూతురి కొడుకూ. ఇంకో కుల్చా తినుంటే ఏమయ్యేదో అని మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఆ ముద్రలో పైన అల్ అజ్మతుల్లిల్లా, అంటే గొప్పతనమంతా దేవుడిదే అని రాసి ఉంటుంది. అంత సంపద ఉన్న ఇల్లు జెండా మీద రొట్టె పెట్టుకోవడం చూడండి!

చాళుక్యులకి వరాహం, విజయనగరం వాళ్ళకీ వరాహమే. బంగారు నాణేనికి వరహా అనే పేరు అలాగే వచ్చింది. రాజముద్ర కాస్తా డబ్బు పేరైపోయింది.

ఇదంతా ఆటోలో చెప్తుంటే మావాడికి విసుగొచ్చింది. "సరే, మరి మనకేం ఉంది?" అన్నాడు.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా వంటింట్లో పై అరలో ఉన్న నానమ్మ మరచెంబు. ఇత్తడిది. మెడ కింద సుత్తీ ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన మూడు పొడి అక్షరాలు, పక్కన 1957. చింతపండు పెట్టి తోమి తోమి మూడో అక్షరం సగం అరిగిపోయింది, వేలితో తడిమితేనే తెలుస్తుంది. మొదటి అక్షరం మా ఇంటిపేరుది కానే కాదు, నానమ్మ పుట్టింటిది. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న చేయించి ఇచ్చాడు. డెబ్బై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్న ఒకే ఒక ముద్ర, అదీ వేరే ఇంటిది! ఇంగ్లండు పద్ధతిలోనూ ఇలాంటిదొకటి ఉంది: డాలుని నిలువునా రెండుగా చేసి ఒక సగంలో భర్త ఇంటి గుర్తు, రెండో సగంలో భార్య పుట్టింటి గుర్తు వేస్తారు.

మావాడు అంతా విని, అయినా సింహాలే వేయించాడు. అడ్వాన్స్ ఇచ్చేశాడట, ఇంకేం చేస్తాం. కార్డు చూసి పిన్ని, "ఇదేంట్రా, అగ్గిపెట్టె మీద బొమ్మలా ఉంది" అంది.

పోయిన ఆదివారం రిటర్న్ గిఫ్టులకి స్టీలు డబ్బాలు కొనడానికి బేగం బజార్ వెళ్ళాం. రెండొందల డబ్బాలు. కొట్టతను మిషన్ చేతిలో పట్టుకుని పేరేం కొట్టాలన్నాడు. మావాడు నా వైపు చూసి, జేబులోంచి ఒక చీటీ తీసిచ్చాడు. రెండే అక్షరాలు: మా ఇంటిపేరుది ఒకటి, పెళ్లికూతురి ఇంటిపేరుది ఒకటి. వాళ్ళదే ముందు రాశాడు.