కవిలెలో ఎక్కిన కన్నీళ్లు

మొన్న ఒక ఆదరణ కూడికకు వెళ్లాను. చేతికందిన కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు వరుసలో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మైకు పట్టుకున్న సహోదరుడు "అమ్మా, మనం విశ్వాసులం, ఏడవకూడదు" అన్నాడు. ఆ వెంటనే థెస్సలొనీకయుల పత్రిక తీసి "దుఃఖపడకుండు నిమిత్తము" అని చదివాడు. దాని ముందున్న "నిరీక్షణలేని ఇతరులవలె" అన్న మాట దాటేశాడు. నాకు చాలా బాధేసింది. ఆ పత్రిక రాసిన పౌలు ఏడవొద్దని ఎక్కడన్నాడు? చనిపోయిన స్నేహితుడు లాజరు కాసేపట్లో లేచి వస్తాడని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు కదా, ఆయనకు విశ్వాసం లేకనా?

ఇంటికొచ్చి 56వ కీర్తన తీశాను. దావీదు గాతులో శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటి కీర్తన. ప్రాణభయంతో గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ అతను పిచ్చివాడిలా నటించింది ఆ ఊళ్లోనే. "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా" అంటాడు.

బుడ్డి గురించి అందరూ ప్రసంగిస్తారు. నా మనసు ఎప్పుడూ కవిలె దగ్గరే ఆగిపోతుంది. కవిలె అంటే ఒకప్పుడు ఊరి భూముల లెక్కలు రాసిన కరణం లెక్కల కట్ట. ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత, అన్నీ అందులోనే ఉండేవి. అందులో పేరు ఎక్కినవాడిదే నేల.

మాది ఒంగోలు వైపు పల్లె. మా పెద్దలకు సెంటు భూమి లేదు, ఏ కరణం కవిలెలోనూ వాళ్ల పేరు లేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకానికి మట్టి మోసిన కూలి జనం. ఆ కాలువలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి దొరికేలా చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కూటి కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తమ ఏడుపును కూడా లెక్క రాసుకునే దేవుడొకడున్నాడని విన్నారు, అందుకే వచ్చారని నా నమ్మకం.

శ్రమ ఎందుకొచ్చిందో ఈ వచనం చెప్పదు. అది లెక్కలో ఉందని చెబుతుంది. ప్రకటన గ్రంథంలో ఆయన "ప్రతి బాష్పబిందువును" తుడిచివేస్తాడని ఉంది. ఒక్కొక్కటీ రాసి పెట్టుకోనివాడు "ప్రతి" అని ఎలా అనగలడు? కాబట్టి సహోదరులారా, చావు ఇంటికి వెళ్తే దయచేసి ఎవరి కన్నీళ్లకూ అడ్డం పడకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. అదైనా చేయండి.

మా తమ్ముడు పోయినప్పుడు మా అమ్మకూ ఏడవకూడదనే చెప్పారు. ఆమె నిజంగానే ఏడుపు ఆపేసుకుంది. చర్చికి వచ్చేది, సాక్ష్యం చెప్పేది, రాత్రిళ్లు మాత్రం నిద్ర ఉండేది కాదు. మూడు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున లేచి చూస్తే వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో బైబిలు. పసుపు పట్టిన చూపుడువేలు ఆ వచనం మీదే ఉంది.

"కవిలె అంటే కరణం గారి కవిలేగా నాయనా?" అంది.

అవునన్నాను.

"అయితే ఇది మీ తమ్ముడి పేరు మీద ఎక్కుద్దిలే" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, బయటికి వినపడేలా ఏడ్చింది. నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరం లేవలేదు.