అడ్వాన్సు ఎవరి సొమ్ము?

పదిహేడేళ్లుగా హైదరాబాదులో అద్దె ఇళ్లలోనే మా కాపురం సాగుతోంది. ఇప్పుడు ఉంటున్నది ఏడో ఇల్లు. మొదటి ఆరు ఇళ్లకూ ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టాను గాని, వాటిలో ఒక్కదాన్నీ చివరిదాకా చదవలేదు. యజమాని చూపించిన చోట సంతకం చేయడం, జిరాక్సు ప్రతి తెచ్చి బీరువాలో పెట్టడం, అంతటితో ఆ సంగతి మరచిపోవడం నాకు అలవాటు. ఆరో ఇల్లు ఖాళీ చేసినప్పుడు పడిన ఇబ్బంది వల్ల అద్దెకుండేవారికి చట్టం ఏమిచ్చిందో, ఏమివ్వలేదో కూర్చుని తెలుసుకోవలసి వచ్చింది. అలా తెలుసుకున్నది నాలాంటి వారికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

2019 జూన్‌లో మల్కాజిగిరి వైపు ఒక మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు పోర్షన్‌లో చేరాము. అద్దె నెలకు 12,000 రూపాయలు, అడ్వాన్సు రెండు నెలలది, అంటే 24,000. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు ఒప్పందం రాసి, నోటరీ ముద్ర వేయించారు. ఆ పదకొండు నెలలు కరోనా రోజుల్లో ముగిశాయి. కొత్త కాగితం రాసుకుందామని మేమూ అడగలేదు, వారూ అడగలేదు. ప్రతి నెలా అయిదో తేదీలోపు బ్యాంకు ద్వారా అద్దె పంపుతూ వచ్చాము. 2022 ఆగస్టు చివరి వారంలో యజమాని పైకి వచ్చి, "అమ్మా, మా అమ్మాయి వాళ్లు అమెరికా నుంచి వచ్చేస్తున్నారు, వారంలోగా పోర్షన్ ఖాళీ చేసి ఇవ్వండి" అన్నారు. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయని, నెల రోజులు గడువిమ్మని అడిగాను. ఆయన మారు మాట్లాడకుండా కిందికి వెళ్లిపోయారు. మూడో రోజు ఉదయం నుంచి మా ట్యాంకుకు నీళ్లు ఎక్కడం ఆగిపోయింది. బోరులో నీళ్లు తగ్గాయన్నారు గాని, కింది పోర్షన్‌లో వాకిలి కడుగుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. నాలుగు రోజులు నేనూ మా పెద్దవాడూ వీధి కుళాయి నుంచి బిందెలతో ముప్ఫై ఎనిమిది మెట్లు ఎక్కి నీళ్లు మోశాము.

మా పిన్ని కూతురు న్యాయవాది. ఫోన్ చేసి చెప్పగానే అది అడిగిన మొదటి మాట, "అక్కా, అగ్రిమెంటు ఏది?" అని. బీరువాలో బీమా కాగితాల అడుగున ఉన్న ఆ రెండు పుటలను వెతికి తీయడానికి ఒక పూట పట్టింది.

అద్దెదారులకు రక్షణ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. తెలంగాణలోనూ ఆ ఉమ్మడి రాష్ట్రపు చట్టమే కొనసాగింది. యజమాని ఇల్లు ఖాళీ చేయించాలంటే అద్దె తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ అనే అధికారి దగ్గరకు వెళ్లాలని, కావాలని అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి నిజంగా ఆ ఇల్లు అవసరం కావడం వంటి కారణాలలో ఒకదాన్ని రుజువు చేయాలని అది చెబుతుంది. నీళ్లు, కరెంటు వంటి సదుపాయాలను తగిన కారణం లేకుండా ఆపకూడదనీ అందులో ఉంది. అది విని నాకు ధైర్యం వచ్చింది గాని, ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. 2005లో చేసిన సవరణ ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం కిందికి రావు. కట్టి పదిహేనేళ్లు నిండని ఇళ్లూ రావు. హైదరాబాదులో ఈ రోజు 3,500 రూపాయలకు ఒక గది దొరకడమే గగనం కాబట్టి, నగరంలో అద్దెకుంటున్న చాలామందికి ఆ చట్టం అక్కరకు రాదు. ఇంత పెద్ద సంగతి మనలో ఇంత తక్కువమందికి తెలియడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

అద్దె నియంత్రణ చట్టం పరిధిలోకి రాని మనకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అది పాతదే అయినా, మన చేతిలో ఉన్న కాగితం ఎంత బలహీనమైనదో తెలిశాక నాకు పెద్ద ఆసరాగా కనిపించింది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి కాబట్టి, ఆ ఖర్చు తప్పుతుందని దేశమంతటా పదకొండు నెలలకు రాసుకుంటారు. మన ఉమ్మడి రాష్ట్రంలో మాత్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, ఎంత కాలానికైనా సరే, స్థిరాస్తి అద్దె పత్రాలన్నిటినీ తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలన్నారు. అంటే తరతరాలుగా మనం నమ్ముకున్న పదకొండు నెలల ఉపాయం ఇక్కడ చెల్లదు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు సాటి రాదు. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఆ ఇంట్లో మనం ఏ హోదాలో ఉన్నామో చూపడానికి మాత్రం ఆ కాగితం కొంత పనికొస్తుంది. ఈ మాట విన్నప్పుడు మాకిక ఏ హక్కూ లేదనుకున్నాను. మా చెల్లెలు అలా కాదంది. చెల్లే ఒప్పందం లేని చోట చట్టమే మాట్లాడుతుందని, యజమాని మాకు ఇల్లు అప్పగించి, నెలనెలా అద్దె పుచ్చుకుంటున్నాడు కాబట్టి అది నెలవారీ అద్దె అవుతుందని వివరించింది. నెలవారీ అద్దెను ముగించాలంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం కనీసం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా, సంతకం చేసిన నోటీసు ఇవ్వాలి. మెట్ల మీద నిలబడి వారం రోజుల్లో వెళ్లిపొమ్మనడం నోటీసు కిందికి రాదు.

నోటీసు గడువు తీరినంత మాత్రాన యజమాని తాళం వేయడానికీ, సామాను బయట పెట్టడానికీ వీల్లేదు. ఆయన సివిల్ కోర్టుకు వెళ్లి తీర్పు తెచ్చుకోవాలి. చట్టం ప్రకారం కాకుండా, మన ఇష్టానికి విరుద్ధంగా మనల్ని వెళ్లగొడితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఆ ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో తలెత్తదు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎలా బయటికి పంపారు అన్నవే కోర్టు చూస్తుంది. నీళ్లు కట్టేసి పొమ్మనకుండా పొగబెట్టే వారి మీద కూడా సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ పని మానుకొమ్మనే ఉత్తర్వు, కోరవచ్చు. అద్దె కడుతున్నంత కాలం అద్దెదారు ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించనివ్వడం యజమాని బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతోంది.

కోర్టుకు వెళ్లవలసిన పని పడలేదు. ఈ సంగతులన్నీ మర్యాదగా, తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి, సెప్టెంబరు నెలాఖరుకు ఖాళీ చేస్తామని కూడా అందులోనే చెప్పి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాము. అదే పుట ఫోటో తీసి ఆయన ఫోనుకూ పంపాను. మరునాటి ఉదయం మోటారు తిరిగింది.

సెప్టెంబరు 30న తాళాలు ఇచ్చాము. ఆయన ఒక చిన్న నోటుబుక్కు తీసి, అడ్వాన్సులోంచి పెయింటింగుకు 12,000, శుభ్రం చేయించడానికి 3,000, పగిలిన వాష్ బేసిన్‌కు 2,500 తీసేసి, 6,500 చేతిలో పెట్టబోయారు. వాష్ బేసిన్ పగలగొట్టింది మా చిన్నవాడే కాబట్టి అది మేము ఒప్పుకున్నాము. మిగతాది ఎందుకని అడిగితే, "హైదరాబాదులో ఎక్కడైనా ఇంతేనమ్మా, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు పోతుంది, అది ఆనవాయితీ" అన్నారు. నేను ఆ గోడల వంక చూశాను. మంచం తల వైపు నూనె మరక, స్విచ్చుల చుట్టూ వేళ్ల నలుపు, క్యాలెండరు తగిలించిన రెండు మేకుల గుర్తులు, అవీ మా వల్ల అయినవి. పడకగది పైకప్పు మూలలో పెచ్చులు ఊడి, పచ్చగా పాకిన చెమ్మ మచ్చ మాత్రం పైనున్న డాబా మీది నీటి వల్ల వచ్చింది. 2021 వానాకాలంలో ఆ మచ్చ అరచేయంత ఉన్నప్పుడు ఫోటో తీసి ఆయనకు పంపి, బాగు చేయించమని అడిగాను. చూద్దామన్నారు. మేము ఖాళీ చేసే నాటికి అది చాటంత అయింది.

ఆ 108వ సెక్షన్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. అద్దెదారు తాను చేరినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి గాని, మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదలకూ, మనిషి ఆపలేని శక్తుల వల్ల వచ్చిన మార్పులకూ అతను బాధ్యుడు కాడు. మూడేళ్లు నలుగురు మనుషులు బతికిన గోడకు మాసిపోయే హక్కు ఉంది. యజమాని చేయించవలసిన మరమ్మతును, మనం తెలియజేసిన తరువాత కూడా తగిన సమయంలో ఆయన చేయించకపోతే, మనమే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. అయితే 108వ సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది. ఒప్పందం గాని, స్థానిక ఆచారం గాని వేరుగా లేనప్పుడే ఇవన్నీ వర్తిస్తాయి. యజమాని నోట వచ్చిన ఆనవాయితీ అనే మాట వట్టిది కాదని, చట్టంలో దానికి ఒక చోటు ఉందని అప్పుడు అర్థమయింది. ఆచారం ఉందన్నవారే దాన్ని రుజువు చేయాలని, పదిమంది యజమానులు తలా ఇంత కోత కోయడం ఆచారమైపోదని మా చెల్లెలు వాదించింది. ఒప్పందంలో మాత్రం రంగుల ఖర్చు అద్దెదారుదేనని ఒక్క వాక్యం ఉండి, ఆ పత్రం రిజిస్టరు అయి ఉంటే, నాకు వాదించడానికి ఏమీ మిగిలేది కాదు. సంతకానికి ముందు ఆ రెండు పుటలు చదవాలని నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే.

ఆ 6,500 నేను తీసుకోలేదు. పది రోజుల తరువాత మా చెల్లెలు తన పేరుతో లాయరు నోటీసు పంపింది. అడ్వాన్సు పంపిన నాటి బ్యాంకు వివరం, చెమ్మ గురించి నేను పంపిన ఫోటోలు, ఖాళీ చేసిన రోజు గది గదికీ తీసిన వీడియో సంగతి అందులో ప్రస్తావించింది. ఇంట్లో న్యాయవాది లేనివారు దిగులు పడనవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు వేయకముందే ఇలాంటి తగాదాను లోక్ అదాలత్‌లో పెట్టుకుని, ఇద్దరూ కూర్చుని తేల్చుకునే వీలు కూడా ఉంది.

యజమానుల భయాలను నేను తేలిగ్గా తీసేయను. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదే అయిపోతుందని చాలామంది పెద్దలు గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. యజమాని అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవారు ఎన్నేళ్లున్నా అద్దెదారులే. ఖాళీ చేయని వారిని కోర్టు ద్వారా పంపడానికి ఏళ్లు పడుతుందన్న భయం మాత్రం నిజమైనదే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ రెండు వైపుల బాధనూ పట్టించుకుంది. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, యజమాని లోపలికి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయాలని చెబుతూనే, గడువు దాటి ఉండిపోయిన అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తరువాత నాలుగు రెట్లు అద్దె కట్టాలన్నది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లోనే నివాస, నివాసేతర భవనాలకు కొత్త అద్దె చట్టం చేశారు కాబట్టి, విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవారు నా అనుభవాన్ని ఉన్నదున్నట్టుగా తమకు అన్వయించుకోకుండా ఆ చట్టాన్ని చూసుకోవాలి.

నోటీసు అందిన మూడో వారంలో మా ఖాతాలో 21,500 రూపాయలు పడ్డాయి. వాష్ బేసిన్ పోను మిగిలిన మొత్తం అదే.

ఏడో ఇంట్లో చేరే ముందు యజమానురాలి ఎదుట కూర్చుని పత్రం మొత్తం చదివాను. ఆమె వయసులో పెద్దావిడ, నేను చదువుతున్నంతసేపూ ఓపికగా ఉన్నారు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఏ మరమ్మతు ఎవరిది, మెయింటెనెన్సు ఎవరు కట్టాలి, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది అన్నవి పత్రంలో ఉన్నాయి. రంగుల విషయం లేదు. అడిగితే, "మూడేళ్లలోపు ఖాళీ చేస్తే సగం మీరు, దాటితే మొత్తం నేను" అన్నారు. ఆ మాటనే రాయించి, రిజిస్ట్రేషన్ ఖర్చు చెరి సగం పెట్టుకున్నాము. చేరిన రోజున కరెంటు మీటరు రీడింగూ, ప్రతి గోడా, ప్రతి కుళాయీ ఫోటో తీసి ఆమెకు పంపాను. వంటింటి కిటికీ పక్కన ఒక పాత పగులు ఉంది. దాని ఫోటో కింద ఆమె, "ఇది ముందునుంచీ ఉన్నదేనమ్మా" అని జవాబు పెట్టారు.