నాది వచ్చి పోయింది, బావగారిది ఉండిపోయింది

కనుమ నాడు రాత్రి భోజనాలయ్యాక మొదలైంది. బొడ్డుకి పైన గునపం దించినట్టు నొప్పి, అక్కడి నుంచి వీపులోకి. పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. మా రాజోలు వైపు కడుపునొప్పంటే ముందు గ్యాసే. అత్తగారు వాము నమిలించారు, ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజక్షన్ చేశారు. తెల్లవార్లూ వాంతులే. పొద్దున్నే అమలాపురం తీసుకెళ్లారు.

డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "మందు అలవాటుందా అండి?" నన్నే! "ఆయ్, లేదండి" అని మా ఆయన కంగారుగా జవాబిచ్చారు, అడిగింది తననే అన్నట్టు. లైపేజ్ అనే రక్తపరీక్ష మామూలుకి మూడు రెట్లు దాటి, నొప్పి కూడా ఈ తీరులోనే ఉంటే పాంక్రియాటైటిస్, అంటే అరుగుదల రసాలిచ్చే క్లోమం వాచడం, అని తేల్చెయ్యొచ్చట. నాకు ఇంకా ఎక్కువే వచ్చింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లు కనిపించాయి.

రాళ్లు అక్కడుంటే క్లోమానికేమైందని అడిగాను. ఆవిడ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీశారు. పిత్తాశయం నుంచి వచ్చే గొట్టం, క్లోమం గొట్టం చివర్లో కలిసి చిన్నపేగులోకి తెరుచుకుంటాయి. పెద్ద రాళ్లకంటే ఇలాంటి చిన్నవే జారి అక్కడ అడ్డం పడే అవకాశం ఎక్కువ. అప్పుడు పేగులోకి వెళ్లాక పనిచెయ్యాల్సిన రసాలు క్లోమంలోనే పని మొదలెట్టి దాన్నే అరిగించేస్తాయట. వినగానే ఒళ్లు జలదరించింది.

వైద్యం మాత్రం ఆశ్చర్యంగా సాదాగా ఉంది. సెలైన్, నొప్పికి ఇంజక్షన్లు, మూత్రం కొలవడం, వాంతులు ఆగాక కొద్దికొద్దిగా తిండి. ఈ వాపుకి విడిగా విరుగుడు మందంటూ లేదు. ఎక్కువమందికి ఇలాగే సర్దుకుంటుంది గానీ, కొందరికి కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిని ఐసీయూ దాకా పోతుంది.

నొప్పి తగ్గగానే ఇంటికెళ్లిపోతానన్నాను. సర్జన్ గారు ఒప్పుకోలేదు. రాళ్లున్నన్నాళ్లూ మళ్లీ రావచ్చని చెప్పి, పంపెయ్యకుండానే లాపరోస్కోపీతో పిత్తాశయం తీసేశారు. రాళ్లు కరిగించే పసరు పట్టుకుని చూడ్డానికొచ్చిన మా పిన్నిగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. మొదట్లో వేపుళ్లు తింటే విరేచనాలయ్యేవి, తర్వాత అదీ పోయింది. వానాకాలంలో పులస పులుసు కూడా తిన్నాను.

మా పెద్ద బావగారికీ ఇదే పేరు రాశారు, ముందు "క్రానిక్", అంటే దీర్ఘకాలికం, అని చేర్చి. ఏళ్ల తరబడి మందు, సిగరెట్లు. నా క్లోమం కోలుకుంది. ఆయనది మచ్చలు కట్టి, సున్నపు రాళ్లు పట్టి గట్టిపడింది, ఇక వెనక్కి రాదు. భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకోకపోతే తిన్న కొవ్వు ఒంటబట్టదు, విరేచనంలో నూనెలా తేలుతుంది. మనిషి సగమైపోయారు. షుగరొచ్చి ఇన్సులిన్ కూడా మొదలైంది. పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని జేబులోంచి క్యాప్సూల్ తీస్తే పక్కవాళ్లు షుగర్ మాత్రనుకుంటారు, ఆయనా అలాగే అనుకోనిస్తారు. తాగుడు మానేశారు. పొగ కూడా ఈ జబ్బుని పెంచుతుందని డాక్టరు ఎంత చెప్పినా సిగరెట్ మాత్రం వదల్లేదు.

"నీకు తీసినట్టే మీ బావగారికీ తీయించేస్తే పోదా?" అంది మా తోటికోడలు మొన్న.

"ఆయన పిత్తాశయం శుభ్రంగానే ఉందట అక్కా, అది తీసి ఏం లాభం? ముందు ఆ సిగరెట్ పెట్టె దాచెయ్యి."

"దాస్తే మాత్రం? సెంటర్లో బడ్డీకొట్లకి తక్కువా ఏంటి!" అంది.