మూడు వేళ్ల ఖాళీ

రెండో కాన్పయి ఐదు నెలలైనా నా పొట్ట తగ్గలేదు. చెకప్‌లో అడిగితే డాక్టరమ్మ తల కూడా ఎత్తకుండా, "సిట్‌అప్స్ చెయ్యి, ఒళ్లు వంచితే అదే తగ్గుతుంది" అన్నారు. పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. ఆ మాట పట్టుకుని నెల్లాళ్లు రోజూ యాభై చేశాను. పొట్ట తగ్గకపోగా నడుం నొప్పి పట్టుకుంది.

ఒక రాత్రి రెండింటికి పాప ఏడిస్తే, వెల్లకిలా పడుకున్నదాన్ని అలాగే గబుక్కున లేవబోయాను. పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా పొడుచుకొచ్చింది. బొడ్డు దగ్గర కలుక్కుమంది. తడిమితే గోళీకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతోంది, తలెత్తితే మళ్లీ వస్తోంది. పేగులు బయటికి వచ్చేస్తున్నాయనుకున్నాను. పాపకి పాలిస్తూ కూడా ఒక చెయ్యి దాని మీదే. నాకేమన్నా అయితే ఈ ఇద్దరూ ఏమైపోతారని తెల్లవార్లూ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను.

పొద్దున్నే మా ఆయన వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగులు అయ్యాయి. చిన్న బొడ్డు హెర్నియా, అంటే బొడ్డు దగ్గర పొట్ట గోడ బలహీనపడి లోపలిది బయటికి ఉబ్బడం. దాంతో పాటు డయాస్టాసిస్ రెక్టై. పొట్ట ముందు నిలువుగా ఉండే రెండు కండరాలను కలిపే పొర సాగిపోయి, అవి ఎడంగా జరగడం. ఆ ఎడం మామూలుగా 2 సెంటీమీటర్లు దాటకూడదట. నాకు ఆ సందులో మూడు వేళ్లు దిగాయి.

"ముందు ఊపిరి వదలడం నేర్చుకోమ్మా" అంది ఫిజియోథెరపీ మేడమ్. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ పొత్తికడుపు మెల్లగా లోపలికి తీసుకోవాలి. నడుం చుట్టూ బెల్టులా ఉండే లోపలి కండరం అప్పుడే పని చేస్తుంది. ఇదీ ఒక ఎక్సర్‌సైజేనా అనిపించింది. తొమ్మిదో రోజున నా వేళ్ల కింద అది సన్నగా బిగుసుకోవడం తెలిసింది. ఏడ్చేశాను. తర్వాత మడమని నేల మీద జారుస్తూ కాలు చాపడం, ఆ తర్వాత మిగతావి. నాలుగు నెలలు రాత్రిళ్లు పాపని ఎత్తి నాకు అందించింది మా ఆయనే.

ఆ డాక్టరమ్మ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. చెయ్యి వేసి చూడటానికి అర నిమిషం పట్టదు.

కాన్పయినవాళ్లు పొట్ట వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఒకసారి చూపించుకోండి. చేస్తున్నప్పుడు మధ్యలో గట్టులా లేస్తే అది ఆపెయ్యండి. బొడ్డు దగ్గరి ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి, వాంతులు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడు ఖాళీ ఒక వేలు. హెర్నియా అలాగే ఉంది, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారు. పాప ఏడిస్తే పక్కకి ఒత్తిగిలి, మోచెయ్యి ఆన్చి లేస్తున్నాను.