ఎవరూ కదలని వలయం

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే బండ్లు ఒక్కోసారి పెద్ద రోడ్డు రద్దీని తప్పించుకోవడానికి మా సందుల్లోకి మళ్ళుతుంటాయి. మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా ఇళ్ళ వరుస చుట్టూ ఉన్న నాలుగు ఇరుకు సందుల్లో బస్తాలతో నిండిన నాలుగు ట్రాలీ ఆటోలు నిలిచిపోయాయి. ప్రతి ఆటోకూ ముందు సందు కావాలి, ఆ సందులో ఇంకో ఆటో ఉంది. తప్పు ఏ డ్రైవరుదీ కాదు. ఒక పెద్దాయన వెనకున్న బైకులను జరిపించి ఒక ఆటోను రివర్స్ చేయించాక గాని మిగిలిన మూడూ కదలలేదు.

కంప్యూటర్ నెట్‌వర్క్ పాఠంలో నేను బోర్డు మీద గీసే బొమ్మ కూడా ఇదే. డేటాను ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, ముందుకు పంపే క, ఖ, గ, ఘ అనే నాలుగు రౌటర్లను వలయంగా కలిపి, ఒక్కో దానికి ఒకే ప్యాకెట్ పట్టే బఫర్, అంటే ప్యాకెట్ కాసేపు ఆగే చోటు, ఇచ్చామనుకుందాం. 'క'లోని ప్యాకెట్ 'ఖ' మీదుగా 'గ'కు వెళ్ళాలి; 'ఖ'లోనిది 'గ' మీదుగా 'ఘ'కు; మిగిలిన రెండూ అంతే. నాలుగు బఫర్లూ నిండి ఉన్నాయి కనుక ఏదీ కదలదు, ఎంతసేపు ఆగినా కదలదు. మామూలు ఇంటర్నెట్ రౌటరు బఫర్ నిండితే ప్యాకెట్‌ను పారేస్తుంది, పంపినవాడు మళ్ళీ పంపుకుంటాడు. కాబట్టి అక్కడ ఈ చిక్కు రాదు. ప్యాకెట్‌ను పారేయకూడదని నియమం పెట్టుకున్న చోట, అంటే చిప్ లోపలి నెట్‌వర్కుల్లోనూ, సూపర్ కంప్యూటర్లలోనూ, ముందున్న స్విచ్ 'ఆగు' అంటే వెనకది ఆగే డేటా సెంటర్ ఈథర్నెట్‌లోనూ వస్తుంది.

ఇలాంటి వలయాన్ని ప్రోగ్రాముగా రాసిన మా విద్యార్థి ఒకరు బఫర్‌ను 4 ప్యాకెట్ల నుంచి 16కు పెంచి, సమస్య తీరిందని ఉత్సాహంగా వచ్చి చెప్పాడు. ఇంకాస్త ఎక్కువసేపు నడపమన్నాను, ఆగిపోయింది. బఫర్ పెంచితే డెడ్‌లాక్, అంటే ఎవరూ కదలలేని ఈ చిక్కు, ఆలస్యమవుతుందే తప్ప, ఒకరి కోసం ఒకరు ఎదురుచూసే ఆ చక్రం అలాగే ఉంటుంది.

చక్రాన్ని కోసే పద్ధతిని డాలీ, సైట్జ్ అనే పరిశోధకులు 1987లో చూపించారు. ఒక్కో తీగ మీద రెండు వరుసలు, అంటే రెండు వర్చువల్ ఛానెళ్ళు, వేరు వేరు బఫర్లతో పెడతాం. ప్యాకెట్ మొదటి వరుసలో బయలుదేరుతుంది. 'ఘ' నుంచి 'క'కు దాటిందంటే, అక్కడి నుంచి రెండో వరుసలోనే నడవాలి. మొదటి వరుసలో క-ఖ 1, ఖ-గ 2, గ-ఘ 3, ఘ-క 4. రెండో వరుసలో క-ఖ 5, ఖ-గ 6 అని అంకెలు వేసి చూడండి. ఏ ప్యాకెట్ అయినా పూర్తి చుట్టు తిరగదు కనుక ఎప్పుడూ పెద్ద అంకె వైపే పోతుంది. 6 కోసం 5 ఆగవచ్చు గాని, 5 కోసం 6 ఆగే అవసరం రాదు.

రౌటర్లను చదరంగం గళ్ళలా కలిపిన గళ్ళ నెట్‌వర్కులో అదనపు వరుసలు లేకుండానే పని జరుగుతుంది. అక్కడ అడ్డం నుంచి నిలువుకు, నిలువు నుంచి అడ్డానికి తిరిగే మలుపులు ఎనిమిది. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా నడవాలనే పాత నియమం వాటిలో నాలుగింటిని నిషేధిస్తుంది. సరిగ్గా ఎంచుకుంటే, సవ్య దిశలో ఒకటి, అపసవ్య దిశలో ఒకటి ఆపితే చాలని గ్లాస్, నీ (Ni) అనే పరిశోధకులు 1992లో నిరూపించారు. ఇంత పొదుపైన ఆలోచన నాకు ఈ రంగంలో మరొకటి కనబడలేదు.

మా విద్యార్థి బఫర్‌ను తిరిగి 4కు తగ్గించి, రెండు వరుసలు పెట్టాడు. అయినా మర్నాటికి మళ్ళీ ఆగింది. వెతికితే తప్పు దారిలో లేదు, గమ్యంలో ఉంది: అతడి ప్రోగ్రాములో ప్యాకెట్లు కొన్ని అభ్యర్థనలు, కొన్ని వాటికి జవాబులు; గమ్యం తన జవాబును పంపేదాకా కొత్త అభ్యర్థనను దించుకోదు, ఆ జవాబు వెళ్ళాల్సిన వరుసలేమో అభ్యర్థనలతోనే నిండి ఉన్నాయి. వచ్చిన సరుకును గమ్యం తప్పక దించుకుంటుందన్న షరతు మీదే అంకెల పద్ధతి నిలబడుతుందని నేను క్లాసులో చెప్పడం మరిచాను. ఇప్పుడు అభ్యర్థనలకు రెండు, జవాబులకు రెండు, మొత్తం నాలుగు వరుసలతో ఆ ప్రోగ్రాము నడుస్తోంది.