స్క్రైబ్‌గా వస్తామని రాసే ఉత్తరం

చూపు లేని విద్యార్థికి పరీక్ష హాల్లో ప్రశ్న చదివి వినిపించి, చెప్పిన జవాబును చెప్పినట్టే రాసిపెట్టే మనిషి స్క్రైబ్. మార్చి దగ్గరపడుతుంటే అంధుల పాఠశాలల్లో, హాస్టళ్లలో, కాలేజీల్లో స్క్రైబ్‌ల కోసం వెతుకులాట మొదలవుతుంది. స్వచ్ఛందంగా వస్తామని ఉత్తరాలు రాసేవాళ్లకూ కొదవ లేదు. అయితే చాలా ఉత్తరాల్లో సేవాభావం గురించి పేజీ నిండా ఉంటుంది, ఏం చదివారో మాత్రం ఉండదు. ఉత్తరం చదివి స్క్రైబ్‌లను కుదిర్చే సమన్వయకర్తకు తేలాల్సింది ఒక్కటే: ఈ మనిషిని ఎవరి పక్కన, ఏ రోజు కూర్చోబెట్టొచ్చు?

కాబట్టి మొదటి రెండు వాక్యాల్లోనే మీ చదువు రాయండి. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఉండేది. 2025లో ఆ మార్గదర్శకాలు మారాయి. చదువులో తేడాను ఎలా లెక్కపెడతారన్నది పరీక్ష పెట్టే సంస్థను అడిగి తెలుసుకోవాలి. అందుకే చివరిగా పాసైన తరగతి, ఇప్పుడు చదువుతున్నది రెండూ రాయాలి. సబ్జెక్టు కూడా చెప్పాలి, ఎందుకంటే అదే సబ్జెక్టు చదివినవారిని కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఎం.ఏ. చదివినవారు డిగ్రీ విద్యార్థికి రాస్తామంటే హాలు గేటు దగ్గరే ఆగిపోవచ్చు. అలాంటివారు ‘పాఠాలు చదివి రికార్డు చేసిస్తాను, మాదిరి పరీక్షలకు రాసిపెడతాను’ అని రాస్తే ఎంతో మేలు. ఏడాది పొడవునా కావాల్సిన పని అది.

పోటీ పరీక్షలకైతే ఇంకో చిక్కు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే పరీక్షల్లో అదే పరీక్షకు దరఖాస్తు చేసినవారు స్క్రైబ్‌గా కూర్చోకూడదు, ఒకే స్క్రైబ్ ఇద్దరు అభ్యర్థులకు రాయకూడదు. మీరు వేటికి దరఖాస్తు చేశారో, ఇప్పటికే ఎవరికి మాటిచ్చారో ఉత్తరంలో దాచకండి. తర్వాత బయటపడితే నష్టపోయేది విద్యార్థే.

ఎక్కువమంది తప్పేది సమయం దగ్గర. ‘మూడు గంటలు ఖాళీ’ అంటే చాలదు. స్క్రైబ్‌తో రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. ముందుగా చేరుకోవడం, ఫారాల మీద సంతకాలు కలిపితే ఐదున్నర గంటలు చూసుకోండి. ‘ఎప్పుడైనా వస్తాను’ అనే మాట రాయొద్దు. తేదీలు రాయండి, రాలేని రోజులు కూడా రాయండి.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘విషయం: మార్చి పరీక్షలకు స్క్రైబ్‌గా రావడం గురించి.

గౌరవనీయులైన సమన్వయకర్త గారికి నమస్కారం. నేను ఇంటర్ సీఈసీ పాసయ్యాను, ఇప్పుడు బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలకు డబ్బు తీసుకోకుండా స్క్రైబ్‌గా రాయాలనుకుంటున్నాను. తెలుగు, ఇంగ్లీషు రెండూ తప్పుల్లేకుండా రాయగలను. హిందీ చదవగలను కానీ వేగంగా రాయలేను. లెక్కల పేపరుకు నన్ను పెట్టవద్దు. మార్చి 3 నుంచి 14 వరకు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఖాళీ. 9న రాలేను. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటాను. బస్సులో గంట ప్రయాణం దాకా నా ఖర్చుతోనే వస్తాను. ఇంతకుముందు ఈ పని చేయలేదు, ముందుగా ఒక మాదిరి పేపరు రాసి చూపిస్తాను.’

చేయలేనిది చెప్పినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. లెక్కల్లో వర్గమూలం గుర్తు కింద ఏది ఉందో, ఎక్కడితో ఆగుతుందో చదివి చెప్పలేని స్క్రైబ్ వల్ల విద్యార్థికి తెలిసిన లెక్క కూడా తప్పవుతుంది. తెలుగు పేపరులో వత్తులు, దీర్ఘాలు తడబడినా అంతే, మార్కులు పోయేది విద్యార్థికి.

‘పాపం’, ‘అభాగ్యులు’ లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఆ ఉత్తరం చదివేవారే చూపు లేనివారు కావచ్చు. పంపే పద్ధతి కూడా అందుకే ముఖ్యం. చేత్తో రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఉత్త బొమ్మ. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైపు చేసినది యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి అర్థం లేని అక్షరాలుగా వినిపిస్తుంది. ఫోన్ కీబోర్డుతో యూనికోడ్ తెలుగులో, మెయిల్ లోపలే టైపు చేయండి. చేతిరాత నమూనా జతచేస్తే మంచిదే, ‘ఇది నా చేతిరాత ఉన్న పేజీ ఫోటో’ అని ఒక వాక్యం రాయండి. ఆధార్ కాపీ, మార్కుల మెమో మొదటి మెయిల్‌లోనే పంపనక్కర్లేదు. అడిగితే ఇస్తానంటే సరిపోతుంది.

డిసెంబరులో, ఆలస్యమైతే జనవరిలో పంపండి. వారంలో జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి. పరీక్ష పెట్టే సంస్థే స్క్రైబ్‌ను ఇస్తే, పరీక్షకు రెండు రోజుల ముందు అభ్యర్థి ఆ స్క్రైబ్‌ను కలుసుకునే వీలుండాలని 2018 మార్గదర్శకాల్లో ఉండేది. పరీక్షకు ముందు అలా కలవడానికి కూడా వస్తానని ఉత్తరంలోనే రాసేయండి. ఎంత వేగంగా చెప్పాలో, కామాలు చెప్పాలో వద్దో, కొట్టివేతలు ఎలా చేయాలో ఇద్దరూ తేల్చుకునేది అప్పుడే.